పాత నోవాలో బిగ్‌బ్లాక్ ఇంజన్: తరచుగా అడిగే ప్రశ్నలు

షెవ్రోలే అనగానే మన ఊళ్లలో టవేరా, స్పార్క్ గుర్తొస్తాయి. అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లలో పాత కార్ల మోజున్న కొందరికి మాత్రం 1968–72 నాటి నోవా గుర్తొస్తుంది. అది అక్కడి లెక్కలో చిన్న కారు. రెండు తలుపులు, పొడవాటి బానెట్, పెద్దగా హంగులు లేని శరీరం. ఆ బానెట్ కింద బిగ్‌బ్లాక్ (షెవ్రోలే పెద్ద రకం వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్) పెట్టాలన్న కోరిక చాలామందికి పుడుతుంది, పుట్టిన ప్రతివారికీ దాదాపు ఇవే సందేహాలు వస్తాయి. అందుకే ఒకచోట చేర్చాను. ఏ జవాబు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీ పని ఏ దశలో ఉంటే అక్కడి నుంచే చదువుకోవచ్చు.

ఒక్క మాట ముందే చెబుతాను. ఈ పనిలో ఇంజన్‌ను కూర్చోబెట్టడమే తేలిక. దాన్ని వేడెక్కకుండా చూడటం, దాని బలాన్ని వెనక చక్రాల దాకా విరగకుండా చేర్చడం, వచ్చిన వేగాన్ని ఆపగలగడం కష్టం. డబ్బు, ఓపిక ఖర్చయ్యేది అక్కడే.

## నిర్ణయించుకునే ముందు

నోవాలో బిగ్‌బ్లాక్ నిజంగా పడుతుందా? ఏమైనా కోయాలా?

పడుతుంది, కోత అక్కర్లేదు. కంపెనీయే పెట్టి అమ్మింది. 1968లో కొత్త రూపంతో వచ్చిన నోవాకు ముందు భాగంలో, ఇంజన్‌ను మోసేందుకు, బోల్టులతో బిగించే సబ్‌ఫ్రేమ్ ఉంటుంది. షెవ్రోలేదే మరో కారైన 1967–69 కమారోదీ ఇదే అమరిక. 1968 నుంచి 1970 దాకా నోవా ఎస్‌ఎస్ (సూపర్ స్పోర్ట్) రకంలో 396 క్యూబిక్ అంగుళాల బిగ్‌బ్లాక్ దొరికేది, 350 హార్స్‌పవర్ ఒకటి, 375 హార్స్‌పవర్ ఒకటి. 1970కి వచ్చేసరికి లోపల ఉన్నది నిజానికి 402, బయట చెప్పింది మాత్రం 396 అనే. 1969లో పెన్సిల్వేనియాలోని కానన్స్‌బర్గ్‌లో డీలర్ డాన్ యెంకో ఏకంగా 427 పెట్టిన నోవాలను అమ్మాడు.

కాబట్టి మీరు కొత్త దారి వేయడం లేదు. ఎక్కడ ఆగిపోయినా ‘396 నోవాకు కంపెనీ ఏ భాగం వాడింది?’ అని చూడండి. స్ప్రింగుల దగ్గర నుంచి రేడియేటర్ దాకా సగం చిక్కులు అక్కడే విడిపోతాయి.

నా దగ్గరున్నది 1966 షెవీ 2 (నోవాకు పాత పేరు). దానిలోనూ ఇలాగే పెట్టవచ్చా?

ఇలాగే కుదరదు. 1962–67 కార్లలో ముందు స్ప్రింగులు సస్పెన్షన్ పై ఆర్మ్ మీద కూర్చుంటాయి. వాటిని మోసే రేకు గోడలు ఇంజన్‌కు రెండువైపులా లోపలికి చొచ్చుకొని ఉంటాయి. బిగ్‌బ్లాక్ వెడల్పుకు, ముఖ్యంగా ఎగ్జాస్ట్ గొట్టాలకు, చోటు చాలదు. పెట్టినవాళ్లు ఆ గోడలు కోసేసి, ముందు సస్పెన్షన్ మొత్తం మార్చి పెట్టారు. అది ఇంజన్ మార్పు కాదు, కారును కొత్తగా కట్టడం. ఆ బండికి 1966లో కంపెనీ ఇచ్చిన 350 హార్స్‌పవర్ 327 స్మాల్‌బ్లాకే (షెవ్రోలే చిన్న రకం వీ8) పెద్ద పేరు తెచ్చింది. నన్నడిగితే అక్కడితో ఆగమంటాను.

స్మాల్‌బ్లాకునే 383 చేయించుకుంటే సరిపోదా?

చాలామందికి సరిపోతుంది. 350 బ్లాకును 4.030 అంగుళాలకు బోరు చేసి (సిలిండర్లను వెడల్పు చేసి), 3.75 అంగుళాల స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) ఉన్న క్రాంక్ వేస్తే 383 అవుతుంది. మంచి హెడ్లు పెడితే 400 హార్స్‌పవర్ పెద్ద కష్టం కాదు. రేడియేటర్, మౌంట్లు (ఇంజన్‌ను పట్టి ఉంచేవి), ముందు స్ప్రింగులు ఏవీ మారవు. ఇంకాస్త ఆధునికంగా ఆలోచిస్తే షెవ్రోలే కొత్త తరం వీ8లైన ఎల్‌ఎస్ ఇంజన్లున్నాయి. బరువు, మైలేజీ, నమ్మకం, ఏ లెక్కలో చూసినా అవే గెలుస్తాయి.

మరి బిగ్‌బ్లాక్ ఎందుకు? తక్కువ ఆర్‌పీఎమ్‌లోనే వచ్చే టార్క్ (తిప్పే బలం) కోసం. బానెట్ ఎత్తగానే అంచు నుంచి అంచు దాకా నిండిన ఆ ఇనుము కోసం. లెక్కలు చూసి దీన్ని ఎంచుకునేవారు ఉండరు. ఇష్టపడి ఎంచుకున్నవారు ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు.

మొత్తం ఖర్చును ఎలా అంచనా వేసుకోవాలి?

ఇంజన్ ధర చూసి నిర్ణయం తీసుకోకండి. ఇంజన్‌కు ఎంత పెడుతున్నారో, దాని చుట్టూ ఉండేవాటికి కనీసం అంత పక్కన పెట్టుకోండి. రేడియేటర్, మౌంట్లు, హెడర్స్ (ఎక్కువ శక్తి కోసం వేసే ఎగ్జాస్ట్ గొట్టాలు), ముందు స్ప్రింగులు, గేర్‌బాక్స్ లేదా దాని రిపేరు, వెనక హౌసింగ్ (వెనక యాక్సిల్ గేర్ల పెట్టె), బ్రేకులు, పెట్రోల్ పైపు, ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు సరిచేయించడం ఈ జాబితాలోకి వస్తాయి. ఆపైన పుల్లీలు, బ్రాకెట్లు, హోసుల వంటి చిల్లర సామాను ఉంటుంది. విడివిడిగా చూస్తే చిన్న మొత్తాలే, కలిపితే బెదరగొడతాయి. డబ్బు విడతలుగా వస్తుందనుకుంటే మొదట బ్రేకులు, వెనక హౌసింగ్ చేయించండి. వాటితో పాత ఇంజన్ మీదే బండి నడుస్తూ ఉంటుంది. ముందే ఇంజన్ కొని మూల పెట్టినవాళ్ల బండ్లు చాలావరకు ఆ మూలనే ఉన్నాయి.

నా కారు అసలైన ఎస్‌ఎస్ అంటున్నారు. దాన్ని ముట్టుకోవచ్చా?

ముందు అది అసలైనదో కాదో తేల్చుకోండి. 1968–71 నోవాల వీఐఎన్ (బండి గుర్తింపు సంఖ్య) అంకెలు ఎస్‌ఎస్ అవునో కాదో చెప్పవు. 113తో మొదలైతే ఆరు సిలిండర్లు, 114తో మొదలైతే వీ8. ఆ తరువాతి 27 రెండు తలుపుల కారుకు గుర్తు. అంతకుమించి తెలియాలంటే పాత కాగితాలు కావాలి, ఇంజన్ మీద చెక్కిన అంకెలు వీఐఎన్‌తో సరిపోలాలి. ‘11427 కాబట్టి ఎస్‌ఎస్’ అని అమ్మజూపేవాళ్లు ఇంకా ఉన్నారు.

అసలు ఇంజన్‌తో ఉన్న అసలైన ఎస్‌ఎస్ అయితే నా సలహా: వదిలేయండి, మామూలు నోవా ఒకటి వెతకండి. తప్పదంటే పాత ఇంజన్‌కు నూనె పట్టించి, మూతలు బిగించి భద్రపరచండి. రేపు అమ్మేటప్పుడు కారుతో పాటు అది కూడా వెళ్లాలి.

## ఇంజన్ ఎంచుకోవడం

396, 402, 427, 454లలో ఏది తీసుకోవాలి?

బయటి కొలతల్లో ఈ నాలుగూ ఒకటే, కార్ల కోసం చేసిన మామూలు ఎత్తు బ్లాకులైతే. తేడా అంతా లోపల ఉంది. 396కు బోరు 4.094 అంగుళాలు, 402కు 4.126, 427కు 4.251. ఈ మూడింటికీ స్ట్రోక్ 3.76. 454కు 427 బోరే ఉంటుంది, స్ట్రోక్ మాత్రం 4.00. అంటే 396 పట్టిన చోట 454 పడుతుంది, అవే మౌంట్లు, అవే హెడర్స్.

ఎక్కువగా దొరికేది 454. 1970 నుంచి కార్లలో, ఆ తరువాత చాలా ఏళ్లు పికప్ ట్రక్కుల్లో, సబర్బన్లలో వచ్చింది. అసలు 427కు పేరు ఎక్కువ, ధర ఇంకా ఎక్కువ. వీధిలో నడిపేందుకు 454 కొనండి, మిగిలిన డబ్బు గేర్‌బాక్స్‌కు పెట్టండి.

ఒక జాగ్రత్త: 454 బయటి తూకంతో సమతూకం చేసిన ఇంజన్. దాని ముందు డ్యాంపర్, వెనక ఫ్లైవీల్ రెండింటికీ ఒకవైపు అదనపు బరువు ఉంటుంది. 396, 402, 427లకు అలా ఉండదు. 396 ఫ్లైవీల్ తెచ్చి 454కు బిగిస్తే బోల్టులు చక్కగా పడతాయి, ఇంజన్ మాత్రం బండిని ఊపేస్తుంది, కొన్నాళ్లకు బేరింగులు పోతాయి.

ట్రక్కులోంచి తీసిన 427 చౌకగా ఇస్తామంటున్నారు. కొనేయనా?

ఆగండి, బ్లాకు ఎత్తు కొలవండి. బరువు లారీల కోసం చేసిన 366, 427 బ్లాకులు క్రాంక్ మధ్యరేఖ నుంచి హెడ్ దాకా 10.2 అంగుళాలు ఉంటాయి. కార్లవి 9.8. ఆ 0.4 అంగుళం వల్ల హెడ్లు రెండూ పైకీ పక్కలకూ జరుగుతాయి. మామూలు ఇన్‌టేక్ మానిఫోల్డ్ పట్టదు, డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ పొట్టిదవుతుంది, హెడర్స్ కొలతలు తప్పుతాయి. బ్లాకులు గట్టివే, రేసింగువాళ్లు కావాలని వెతుక్కుంటారు. నోవాలో మొదటిసారి ఈ పని చేస్తున్నవారికి మాత్రం ఆ చౌక చౌక కాదు.

మార్క్ 4, జెన్ 5, జెన్ 6 అంటుంటారు. నాకు ఏది నయం?

1965లో మొదలైన పాత రకం మార్క్ 4. పాత భాగాలన్నీ దాని కొలతలకే తయారవుతాయి కాబట్టి నోవాకు అదే సుఖం. 1991లో జెన్ 5, 1996లో జెన్ 6 వచ్చాయి. వీటిలో క్రాంక్ వెనక సీలు రెండు ముక్కలు కాదు, ఒకటే ముక్క. అందుకే ఫ్లైవీల్, ఆయిల్ సంప్ వాటికి తగినవే తీసుకోవాలి. జెన్ 5 బ్లాకుకు మెకానికల్ పెట్రోల్ పంపు బిగించే చోటు ఉండదు, ఎలక్ట్రిక్ పంపు పెట్టుకోవాలి. దాని మీద పాత హెడ్లు వేయాలంటే నీళ్ల దారుల దగ్గర గాస్కెట్ సరిగా కప్పుతుందో లేదో చూసుకోవాలి. జెన్ 6లో రోలర్ క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్ట్) ఉండటం మంచి లాభం. ధర బాగా కుదిరితే తీసుకోండి, కానీ పైన చెప్పినవాటి ఖర్చు కలుపుకొని బేరమాడండి.

బ్లాకు ఏదో, ఎంత పాతదో ఎలా గుర్తుపట్టాలి?

రెండుచోట్ల చూడాలి. పోతపోసిన నంబరు బ్లాకు వెనక అంచున, గేర్‌బాక్స్ బిగించే చోటికి పైన, డ్రైవరు వైపు ఉంటుంది. చెక్కిన అక్షరాలు ముందు, ప్రయాణికుడి వైపు హెడ్‌కు ఎదురుగా ఉన్న చదునైన చోట ఉంటాయి. మొదటిది అచ్చు ఏదో చెబుతుంది, రెండోది ఆ ఇంజన్ ఏ బండి కోసం తయారైందో చెబుతుంది. రంగు పూసి, తళతళలాడే వాల్వ్ కవర్లు వేసి అమ్మేదాన్ని కళ్లతో నమ్మకండి. హెడ్ విప్పి బోరు కొలవనివ్వని వ్యాపారి దగ్గర కొనకపోవడం మంచిది.

హెడ్లలో పోర్ట్ (గాలి వెళ్లే దారి) ఆకారాన్ని బట్టి ఓవల్, రెక్టాంగ్యులర్, పీనట్ అంటారు. వీధి బండికి ఏది?

ఓవల్ పోర్ట్. మామూలు రోడ్డు మీద బండి బతికేది 1500 నుంచి 5000 ఆర్‌పీఎమ్ మధ్య. ఆ పరిధిలో గాలి వేగం పడిపోకుండా ఉంచేవి ఇవే. 375 హార్స్‌పవర్ 396కు వచ్చిన రెక్టాంగ్యులర్ పోర్ట్ హెడ్లు పై ఆర్‌పీఎమ్‌లో చెలరేగుతాయి, కింద బద్ధకిస్తాయి. 1980ల చివర్లో ట్రక్కులకు వచ్చిన పీనట్ పోర్ట్ హెడ్లు బరువు లాగడానికి బాగుంటాయి, 4500 దాటాక ఊపిరి అందదు.

అంతకన్నా ముఖ్యమైనది దహన గది ఆకారం. ఓపెన్ ఛాంబర్ హెడ్ల కోసం గుబ్బ తీర్చిన పిస్టన్ల మీద పాత క్లోజ్డ్ ఛాంబర్ హెడ్లు పెడితే గుబ్బ వెళ్లి హెడ్‌కు తగలవచ్చు. పిస్టన్ ఏదో తెలియకుండా హెడ్లు కొనవద్దు.

బంకులో దొరికే పెట్రోల్‌తో నడుస్తుందా?

నడిచేలా కట్టించుకోవాలి. 1960ల చివరి 375 హార్స్‌పవర్ 396 కంప్రెషన్ 11కు 1. అమెరికా బంకుల్లో దొరికే 91, 93 ఆక్టేన్‌తో ఆ కంప్రెషన్ దగ్గర ఇంజన్ కొట్టుకుంటుంది. ఇనుప హెడ్లయితే 9.5 దగ్గర, అల్యూమినియం అయితే 10 దగ్గర ఆపండి. మీరు కోల్పోయే శక్తి పాదానికి తెలియదు.

## కూర్చోబెట్టడం

ముందు ఎంత బరువు పెరుగుతుంది?

పూర్తి ఇనుప స్మాల్‌బ్లాక్ సుమారు 575 పౌండ్లు, బిగ్‌బ్లాక్ సుమారు 685. అంటే 50 కిలోల తేడా, అదంతా ముందు చక్రాల మీదే. అల్యూమినియం హెడ్లు, ఇన్‌టేక్, వాటర్ పంపు వేస్తే ఆ తేడా చాలావరకు పోతుంది. బ్యాటరీని డిక్కీలోకి మార్చడం అన్నిటికన్నా చౌకైన ఉపాయం, దాని బరువు వెనక చక్రాలకు పట్టు ఇస్తుంది. కేబులు లావుది వేయాలి, ఫ్యూజు పెట్టాలి, బ్యాటరీని మూత ఉన్న పెట్టెలో కదలకుండా బిగించాలి.

పాత స్మాల్‌బ్లాక్ మౌంట్లే వాడుకోవచ్చా?

బ్లాకుకు పక్కన మౌంటు బిగించే చోటు రెండిటికీ ఒకటే. అందుకే చాలామంది వాడేస్తారు, ఇంజన్ కూర్చుంటుంది కూడా. కానీ సబ్‌ఫ్రేమ్ మీది ఆధారాల్లో ఎత్తులు వేరు ఉంటాయి, ఇంజన్ కిందికో పక్కకో జరిగితే సంప్ అడ్డ కమ్మీకి (క్రాస్‌మెంబర్‌కు), హెడర్స్ స్టీరింగ్ పెట్టెకు తగులుతాయి. 396 నోవా కోసమని అమ్మే ఆధారాలు, మౌంట్లు జతగా కొనండి. ఒకటి ఒకచోట, ఇంకొకటి ఇంకొకచోట కొంటేనే తిప్పలు.

రబ్బరు మౌంట్ల విషయంలో చరిత్ర ఒకటి గుర్తుంచుకోవాలి. 1971 డిసెంబరులో షెవ్రోలే మాతృసంస్థ జనరల్ మోటార్స్ 65 లక్షలకు పైగా షెవ్రోలే బండ్లను వెనక్కి పిలిచింది. రబ్బరు ఊడిపోతే, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజన్ ఎడమవైపు పైకి లేచేది. దాంతో యాక్సిలరేటర్ లింకేజీ లాగబడి తెరుచుకుని ఉండిపోయేది. అప్పటి వీ8 నోవాలూ ఆ జాబితాలో ఉన్నాయి. కంపెనీ చేసిన మరమ్మతు, ఇంజన్ లేవకుండా ఒక ఉక్కు కేబులు కట్టడం. 454 టార్క్‌కు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. రబ్బరు ఊడినా విడిపోకుండా లోపల లోహం కొక్కెంలా పట్టుకునే మౌంట్లే వాడండి.

ఇంజన్‌ను పైనుంచి దించాలా, కింది నుంచి ఎక్కించాలా?

గ్యారేజీలో మామూలు ఇంజన్ క్రేన్ ఉంటే పైనుంచి. బానెట్, రేడియేటర్ తీసేసి, గేర్‌బాక్స్ జతచేసిన ఇంజన్‌ను వెనకవైపు బాగా వంచి దింపాలి. హెడర్స్ ముందే బిగించకండి, పక్కన వేలాడదీసి ఇంజన్‌తో పాటే దించితే దారి దొరుకుతుంది.

లిఫ్టు అందుబాటులో ఉంటే కింది నుంచి ఎక్కించడం నాకు ఎక్కువ ఇష్టం. సబ్‌ఫ్రేమ్ మొత్తం బోల్టులు విప్పితే కిందికి వచ్చేస్తుంది. నేల మీదే ఇంజన్, గేర్‌బాక్స్, హెడర్స్, స్టీరింగ్ అన్నీ అమర్చి, కారు శరీరాన్ని దాని మీదికి దించవచ్చు. రంగు గీసుకోదు. యాభై ఏళ్ల రబ్బరు బుష్‌లు ఆ పనిలోనే మారిపోతాయి. తిరిగి బిగించేటప్పుడు సబ్‌ఫ్రేమ్‌లోనూ శరీరంలోనూ ఎదురెదురుగా ఉన్న అమరిక రంధ్రాల్లో కడ్డీ దూర్చి సరిచూడండి. అది తప్పితే బండి ఎప్పుడూ ఒకవైపుకే లాగుతుంది, అలైన్‌మెంట్ చేసేవాడికి కారణం దొరకదు.

బ్రేక్ బూస్టర్, హీటర్ పెట్టె అడ్డం వస్తాయా?

దగ్గరగా వస్తాయి. ఎడమ వాల్వ్ కవరు బూస్టర్ వైపు, కుడిది హీటర్ పెట్టె వైపు చూస్తుంటాయి. ఎత్తైన అలంకార కవర్లు వేస్తే తగిలేది ఇక్కడే. పొట్టి కవర్లు, తక్కువ వ్యాసం ఉన్న బూస్టర్ తీసుకోండి. ఎయిర్ కండిషనర్ ఉన్న బండికి హీటర్ పెట్టె ఇంకా పెద్దది, దానికి వేరే అమరిక చూసుకోవాలి. టెక్సాస్ ఎండల్లో ఏసీ తీసేస్తానని శపథం చేసేవారు ఒక్క జూలై గడిపి చూడాలి.

బానెట్ మూసుకుంటుందా?

తక్కువ ఎత్తు ఇన్‌టేక్, లోపలికి దిగిన ఎయిర్ క్లీనర్ అయితే మూసుకుంటుంది. ఎత్తైన సింగిల్ ప్లేన్ ఇన్‌టేక్ అయితే గుబ్బ ఉన్న బానెట్ కావాలి. ఎయిర్ క్లీనర్ మీద మెత్తటి మట్టి ముద్ద పెట్టి, బానెట్ నెమ్మదిగా మూసి తెరిచి, ఎంత అణిగిందో కొలవండి. కనీసం అంగుళం ఖాళీ ఉండాలి, ఇంజన్ నడిచేటప్పుడు కదులుతుంది కదా.

## చల్లదనం, పెట్రోల్, పొగ

ట్రాఫిక్‌లో వేడెక్కుతోంది. ఇంకా పెద్ద రేడియేటర్ వేయాలా?

ముందు ఎప్పుడు వేడెక్కుతోందో గమనించండి. నిలబడినప్పుడు వేడెక్కి, కదలగానే చల్లబడితే లోపం గాలిలో ఉంది. హైవే మీద వేగంగా వెళ్తుంటే వేడెక్కితే లోపం నీళ్ల ప్రవాహంలోనో రేడియేటర్ సామర్థ్యంలోనో ఉంది. ఈ రెండూ వేరు జబ్బులు, మందులూ వేరు.

గాలి తక్కువైతే మొదట చూడవలసింది ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు. చాలా బండ్లలో అది ఎప్పుడో పోయి ఉంటుంది. ఫ్యాన్ రెక్కలు సగం తొడుగు లోపల, సగం బయట ఉండాలి. పూర్తిగా బయట ఉంటే రేడియేటర్‌లోంచి కాక పక్కల నుంచి గాలి లాగుతుంది. రేడియేటర్‌కూ చట్రానికీ మధ్య ఉన్న సందులను రబ్బరు పట్టీలతో మూయండి.

హైవే మీద అయితే కింది హోసు చూడండి. వాటర్ పంపు లాగేటప్పుడు మెత్తబడిన హోసు నొక్కుకుపోయి దారి మూసేస్తుంది. ఆ హోసు లోపల స్ప్రింగు ఉండటం అందుకే. ఆరు సిలిండర్ల బండికి వచ్చిన రేడియేటర్‌నే ఉంచుకున్నవారు మాత్రం వెతుకులాట మానేసి పెద్దది కొనవలసిందే. థర్మోస్టాట్ తీసేయడం పరిష్కారం కాదు. 180 డిగ్రీల ఫారెన్‌హైట్ థర్మోస్టాట్ పెట్టి ఉంచండి. టైమింగ్ వెనక్కి ఉన్నా, మిశ్రమం పలచబడినా వేడి పెరుగుతుందని మరచిపోవద్దు.

వాటర్ పంపు, పుల్లీలు ఒకదానితో ఒకటి కలవడం లేదు. ఎందుకు?

షెవ్రోలే 1969లో మామూలు కార్లకు పొట్టి వాటర్ పంపు నుంచి పొడుగు పంపుకు మారింది. దాంతో పుల్లీల లోతు, బ్రాకెట్ల ఆకారం మారాయి. డైనమో కూడా డ్రైవరు వైపు నుంచి ప్రయాణికుడి వైపుకు వెళ్లింది. 1968 పంపుకు 1970 పుల్లీ వేస్తే బెల్టు వంకరగా పరుగెత్తి ఊడిపోతుంది. పొట్టి పంపైనా సరే, పొడుగు పంపైనా సరే, ముందు భాగమంతా ఒకే రకానికి చెందాలి. ముక్కలుగా కాకుండా మొత్తం సెట్టు ఒకే ఇంజన్ మీది నుంచి తీసుకోవడం ఉత్తమం.

హెడర్స్ వేయాలా, ఇనుప మానిఫోల్డులతో సర్దుకోనా?

రోజూ తిప్పే బండికి కంపెనీ ఇనుప మానిఫోల్డులు హాయి. గాస్కెట్లు కారవు, ప్లగ్గులు చేతికి అందుతాయి. శక్తి కోసం హెడర్స్ తప్పవంటే నోవా బిగ్‌బ్లాక్‌కే చేసినవి, మీ స్టీరింగ్ పవరా మామూలుదా చెప్పి కొనండి. క్లచ్ బండి అయితే దాని కడ్డీల లింకేజీకీ చోటు అడగండి, లేకుంటే హైడ్రాలిక్ క్లచ్‌కు మారవలసి వస్తుంది. ఇంకో విషయం, హెడర్స్ వేశాక ఏదో ఒక ప్లగ్గు కారు కిందికి దూరితే తప్ప రాదు. ఏది అన్నది ఒక్కో తయారీదారుకు ఒక్కోలా ఉంటుంది.

850 కార్బురేటర్ వేస్తే మంచిదా, 750 చాలా?

లెక్క వేసి చూడండి. క్యూబిక్ అంగుళాలను గరిష్ఠ ఆర్‌పీఎమ్‌తో గుణించి 3456తో భాగించాలి. 454ను 6000తో గుణించి భాగిస్తే 788 సీఎఫ్‌ఎమ్ (నిమిషానికి అన్ని ఘనపు అడుగుల గాలి). అది సిలిండర్లు నూటికి నూరు పాళ్లు నిండితే. వీధి ఇంజన్‌కు 85 శాతం అనుకుంటే 670 దగ్గర తేలుతుంది. 750 పుష్కలం. 375 హార్స్‌పవర్ 396కు కంపెనీ ఇచ్చిన హోలీ కార్బురేటర్ 780, అది కూడా పై ఆర్‌పీఎమ్ మీద ఆశతోనే.

కార్బురేటర్ ఎంత పెద్దదైనా పెట్రోల్ పైపు సన్నగా ఉంటే లాభం లేదు. చిన్న ఇంజన్ల బండ్లకు 5/16 అంగుళం పైపు ఉంటుంది. ట్యాంకు నుంచి పంపు దాకా 3/8 వేయండి. పాత రబ్బరు ముక్కలన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్చండి, మంటలు మొదలయ్యేది అక్కడే.

## గేర్‌బాక్స్ నుంచి చక్రాల దాకా

ఇప్పుడున్న గేర్‌బాక్స్ పనికొస్తుందా?

బిగించడం వరకు పనికొస్తుంది, ఆ కాలపు స్మాల్‌బ్లాక్‌కూ బిగ్‌బ్లాక్‌కూ వెనక బోల్టుల అమరిక ఒకటే. బతకడం వేరే సంగతి. మంచి స్థితిలో ఉన్న టర్బో 350 ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మామూలు 454ను మోస్తుంది, చక్రాలకు పట్టు పెరిగేకొద్దీ దాని ఆయుష్షు తగ్గుతుంది. టర్బో 400 ఇందుకోసమే పుట్టింది. దానికి మారితే క్రాస్‌మెంబర్ వెనక్కి జరగాలి, ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు చూసుకోవాలి. షాఫ్ట్ ముందు కొన (యోక్) కూడా మారుతుంది, 350కి 27 పళ్లు, 400కు 32. గేర్లు చేత్తో వేయాలనుకుంటే మన్సీ నాలుగు గేర్ల పెట్టె సంప్రదాయం.

సెల్ఫ్ మోటార్ మరచిపోకండి. ఫ్లైవీల్‌కు 153 పళ్లా, 168 పళ్లా అన్నదాన్ని బట్టి మోటార్ ముందు భాగం వేరు. తప్పు జత పెడితే పళ్లు కొరికేస్తుంది.

వెనక 10 బోల్టుల హౌసింగ్ నిలుస్తుందా?

మూత మీద బోల్టులు లెక్కపెట్టండి. పదైతే, రింగ్ గేర్ 8.2 అంగుళాలదైతే, 454కు అది చాలదు. సన్న టైర్లు ఉన్నంతకాలం టైర్లు జారి దాన్ని కాపాడతాయి. మంచి టైర్లు వేసిన రోజు విరుగుతుంది. 1970ల మొదట్లో వచ్చిన 8.5 అంగుళాల పది బోల్టులది అంతకన్నా చాలా నయం. 396 నోవాలకు కంపెనీ ఇచ్చింది 8.875 అంగుళాల 12 బోల్టుల హౌసింగ్. ధర మండుతుంది, అందుకే చాలామంది ఫోర్డ్ 9 అంగుళాల హౌసింగ్ వేస్తారు. షెవ్రోలే అభిమానులు ముఖం చిట్లించినా అది పని చేస్తుంది.

గేర్ నిష్పత్తి దగ్గర ఆవేశపడకండి. 26 అంగుళాల టైరుతో గంటకు 65 మైళ్ల వేగంలో 3.31 గేరు ఇంజన్‌ను సుమారు 2780 ఆర్‌పీఎమ్‌లో తిప్పుతుంది, 4.10 అయితే దాదాపు 3440. బిగ్‌బ్లాక్ టార్క్‌కు 4.10 అవసరం లేదు, హైవే మీద చెవులు మాత్రం పోతాయి.

గట్టిగా తొక్కితే వెనక చక్రాలు గెంతుతున్నాయి. ఏం చేయాలి?

కమాను పట్టీలు మెలిపడి తిరిగి విడుచుకోవడం వల్ల అది వస్తుంది. ఒకే పట్టీ ఉన్న బండ్లలో మరీ ఎక్కువ. 1968లో షెవ్రోలే ఒక షాకబ్జార్బర్‌ను యాక్సిల్‌కు ముందు, రెండోదాన్ని వెనక పెట్టింది ఈ గెంతులు తగ్గించడానికే. పలు పట్టీల కమానుకు మారండి, ట్రాక్షన్ బార్లు వేయండి. ముందు సబ్‌ఫ్రేమ్‌ను వెనక చట్రంతో కలిపే కనెక్టర్లు కూడా వేయించాలి. లేకపోతే ఆ టార్క్‌కు శరీరం మెలిపడి, తలుపులు సరిగా మూసుకోవు.

ముందు స్ప్రింగులు, బ్రేకులు తప్పనిసరా?

తప్పనిసరి. స్మాల్‌బ్లాక్ స్ప్రింగుల మీద ముక్కు కిందికి దిగిపోతుంది. బ్రేకులు ముందు డ్రమ్ములే అయితే ఇంజన్ సంగతి తరువాత, ముందు డిస్కులు వేయించండి, రెండు గదుల మాస్టర్ సిలిండర్‌తో. పెద్ద క్యామ్ వేస్తే వాక్యూమ్ తగ్గి బూస్టర్ సరిగా పని చేయదని కూడా లెక్కలో ఉంచుకోండి.

## మొదటిసారి స్టార్ట్ చేయడం

కొత్తగా కట్టిన ఇంజన్ మొదటి అరగంటలో ఏం చేయాలి?

మామూలు ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్ అయితే ఈ అరగంటే దాని జీవితకాలాన్ని నిర్ణయిస్తుంది. స్టార్ట్ చేసే ముందు డిస్ట్రిబ్యూటర్ తీసి, డ్రిల్లుతో ఆయిల్ పంపు తిప్పి, రాకర్ల దాకా ఆయిల్ వచ్చిందని కళ్లతో చూడండి. జింకు ఎక్కువున్న బ్రేక్-ఇన్ ఆయిల్ వాడండి, ఇప్పటి కార్ల ఆయిళ్లలో అది తక్కువ. కార్బురేటర్ గిన్నెలు ముందే నింపండి, టైమింగ్ దగ్గరగా పెట్టండి. ఫైరింగ్ క్రమం 1-8-4-3-6-5-7-2, స్మాల్‌బ్లాక్‌దీ ఇదే.

అంటుకోగానే 2000 నుంచి 2500 ఆర్‌పీఎమ్ మధ్యకు తీసుకెళ్లి, కొంచెం పైకీ కిందికీ మారుస్తూ 20 నిమిషాలు నడపండి. నెమ్మదిగా ఐడిల్ మీద వదిలితే క్యామ్‌కు ఆయిల్ సరిగా చిమ్మదు, మొనలు అరిగిపోతాయి. ఆయిల్ ప్రెషర్ పడిపోయినా, నీళ్లు కారినా వెంటనే ఆపండి, సరిచేసి మళ్లీ అక్కడి నుంచి కొనసాగించండి. తరువాత ఆయిల్, ఫిల్టరు మార్చి, పాత ఫిల్టరును కోసి లోహపు రజను ఉందేమో చూడండి. రోలర్ క్యామ్ అయితే ఈ 20 నిమిషాల తంతు అక్కర్లేదు.

పక్కన ఒక మనిషి, ఒక అగ్నిమాపక సిలిండర్ ఉండాలి. ఇరుగుపొరుగుకు ముందే చెప్పండి.

## కాగితాలు

ఇంజన్ మార్చితే కాలుష్య పరీక్షలో ఇబ్బందా?

రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. అన్నిటికన్నా కఠినమని పేరున్న కాలిఫోర్నియాలో కూడా 1975, అంతకు ముందు మోడల్ కార్లకు స్మాగ్ పరీక్ష నుంచి మినహాయింపు ఉంది. చాలా రాష్ట్రాల్లో కారు యాజమాన్య పత్రం వీఐఎన్ మీదే నడుస్తుంది, ఇంజన్ నంబరు మీద కాదు. అయినా ఇంజన్ కొన్న రసీదు దాచుకోండి. దొంగిలించిన బండి ఇంజన్ మీ చేతికి వచ్చి ఉంటే ఆ కాగితమే దిక్కు.

బీమా ఎలా?

మామూలు కారు బీమా తీసుకుంటే ప్రమాదం జరిగాక వాళ్లు పాత కారు ధరే కడతారు. పాత కార్లకు ప్రత్యేకంగా, ముందే ఒప్పుకున్న విలువకు ఇచ్చే బీమా తీసుకోండి. మార్చిన ఇంజన్ సంగతి దాచకండి, ఫొటోలతో సహా చెప్పండి. బిగ్‌బ్లాక్‌కూ బీమావాళ్లకూ వైరం పాతదే. 1970లో యెంకో తన నోవాలకు 427 మానేసి 350 స్మాల్‌బ్లాక్‌కు మారడానికి వాళ్లు పెంచిన ప్రీమియంలే కారణం.

పని పూర్తయ్యాక దీన్ని హైదరాబాద్ తీసుకురావచ్చా?

తీసుకురావాలనుకుంటే ఈ పని చేయకండి. మన దేశంలో 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు, కానీ అది అసలు రూపంలో ఉండాలి, పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. ఆరు సిలిండర్ల నోవాలో 454 పెట్టడం చిన్న మార్పు కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని అడ్డుకుంటుంది. ఎడమవైపు స్టీరింగ్‌కు 120వ సెక్షన్ షరతు వేరే ఉంది. ముట్టుకోని అసలు నోవా అయితే తీసుకురావడానికి దారి వెతకవచ్చు. బిగ్‌బ్లాక్ నోవాను డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంచి, చుట్టాలు వచ్చినప్పుడు అక్కడే ఎక్కించుకుని తిప్పండి.